డ్యూటీ డాక్టరు

నా తోడికోడలు త్రివేణికి ఫెలోషిప్ రాలేదన్న కబురు వచ్చేసరికి నేను గారెల పిండి రుబ్బుతున్నాను. రుబ్బిన పిండి మళ్ళీ మినప్పప్పు కాదు కాబట్టి గారెలు వేశాను. ఆ రోజు మా ఇంట్లో తెలివిగా జరిగిన పని అదొక్కటే.

ముందు ఈ ఫెలోషిప్ సంగతేమిటో చెప్పాలి. త్రివేణి గుంటూరులో ఎంబీబీఎస్ చదివింది. మా మరిది వినీత్‌ని చేసుకుని టెక్సస్ వచ్చి, పరీక్షలన్నీ మళ్ళీ రాసి, డాలస్‌లో ఒక పెద్దాసుపత్రిలో రెసిడెన్సీలో చేరింది. మూడేళ్ళ రెసిడెన్సీలో అది ఆఖరి ఏడు. ఆ తర్వాత గుండె డాక్టరు కావాలంటే ఇంకో మూడేళ్ళు ఫెలోషిప్ చెయ్యాలి, దానికి మ్యాచ్ అని ఒకటుంటుంది. మనం ఆసుపత్రుల పేర్లు ఇష్టాన్నిబట్టి వరసగా రాసిస్తాం, ఆసుపత్రులు మన పేర్లు వరసగా రాసిస్తాయి, మధ్యలో కంప్యూటరు పెళ్ళిళ్ళ పేరయ్యలా కూర్చుని జంటలు కలుపుతుంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌కీ పెళ్ళిచూపులకీ పుట్టిన బిడ్డ అనుకోండి. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్న దేశంలో అందరికీ ఒకేసారి ఈమెయిలు వస్తుంది. త్రివేణికి వచ్చినదాంట్లో ఆమెని ఎవరూ కోరుకోలేదన్న సంగతి చాలా మర్యాదగా రాసి ఉంది.

అప్పటికే మేము కొంచెం తొందరపడి ఉన్నాం. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన మా అత్తగారు నాగమల్లేశ్వరిగారు, డాలస్ పక్కన మేముండే కాపెల్‌లో సాయంత్రం వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళందరికీ చిన్న కోడలు హార్ట్ స్పెషలిస్టని చెప్పేశారు. వాళ్ళలో ఇద్దరు ఈసీజీ కాగితాలు పట్టుకుని మా ఇంటికే వచ్చారు. వినీత్ గుండె ఆకారంలో కేకు ఆర్డరిచ్చాడు. బేకరీ అమ్మాయి అది పెళ్ళిరోజుకనుకుని, మధ్యలో ఇద్దరి పేర్లూ రాసి పైన గులాబీ పువ్వొకటి పెట్టింది. ఆ కేకు వారం రోజులు మా ఫ్రిజ్‌లో ఉంది. కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, పారెయ్యడానికి మనసు రాలేదు.

కబురు వచ్చిన మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేముందు త్రివేణి మా ఇంటికి వచ్చింది. వాళ్ళిల్లు మా వెనక వీధే. అత్తగారు సోఫాలో కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. మా ఆయన నరసింహ ఎవరో పోయినట్టు టీవీ కట్టేశారు. వినీత్ కిటికీలోంచి ఎదురింటి గడ్డి చూస్తున్నాడు. త్రివేణి వీళ్ళందర్నీ ఒకసారి చూసి, వంటింట్లోకి వచ్చి, గట్టుకి ఆనుకుని నిలబడి నాలుగు గారెలు తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చిందని నాకు తెలిసింది.

“ఇంకో రెండు కట్టక్కా. సాయంత్రం అడ్మిషన్లు ఎక్కువుంటాయి” అంది.

అంతే. వెళ్ళిపోయింది. ఆమెని అందరూ వద్దన్న రోజున, ఆమె కావలసినవాళ్ళ దగ్గరికి వేళకి వెళ్ళింది.

తర్వాత మొదలైంది ఓదార్పు. ఓడిపోయిన మగవాడిని ఎవరూ పలకరించరు, కొన్నాళ్ళు వదిలేస్తారు. ఓడిపోయిన ఆడదాన్ని మాత్రం అందరూ వచ్చి ఓదార్చిపోతారు. “పోనీలే, దేవుడు ఏదో ఆలోచించే చేస్తాడు, పిల్లాడికి తోడు కావాలి కదా” అన్నారు అత్తగారు. “ఒక ఏడాది ఇంటిపట్టున ఉండు, హెల్త్ బాగుపడుతుంది” అన్నారు మా ఆయన, త్రివేణికి ఏ జబ్బూ లేకపోయినా. వినీత్ చెడ్డవాడు కాదు. భార్య డాక్టరని చెప్పుకునేప్పుడు అతని ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. అందుకే కాబోలు, తనకే అన్యాయం జరిగినట్టు నెలరోజులు మొహం వేలాడేసుకున్నాడు. ఆమె ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పిలిచి ఒక మాట చెప్పాడట. నీ చేతిలో పేషెంట్లు క్షేమంగా ఉంటారు, కానీ రీసెర్చి పేపర్లు తక్కువ అని. అదే బ్యాచ్‌లో ఫెలోషిప్ వచ్చిన కుర్రాడికి పేపర్లు బోలెడు. అతను పేపర్లు రాస్తున్నంతసేపూ ఇంట్లో ఇద్దరు పిల్లల్ని అతని భార్య చూసుకుంది. ఆ పేపర్లమీద ఆవిడ పేరు ఎక్కడా ఉండదు, నాకు తెలుసు. వంట చేసినవాళ్ళ పేరు విస్తరిమీద వెయ్యరు.

త్రివేణి మళ్ళీ ఏడవలేదు. జనవరిలో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టింది. హాస్పిటలిస్టు ఉద్యోగం. ఆసుపత్రిలో చేరిన పేషెంటుని, చేరిన దగ్గర్నుంచి ఇంటికి పంపేదాకా, మొత్తంగా చూసుకునే డాక్టరు. గుండెవాళ్ళు గుండె చూసి వెళ్తారు, కిడ్నీవాళ్ళు కిడ్నీ చూసి వెళ్తారు. ఆ మనిషి నిద్రపోయాడా, అన్నం తిన్నాడా, ఇంటికెళ్తే మెట్లెక్కగలడా అని అన్నీ కలిపి చూసేది హాస్పిటలిస్టు. ఇదంతా అత్తగారికి నేనే వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

“అంటే డ్యూటీ డాక్టరే కదా” అన్నారు.

మన ఊళ్ళలో కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళకి ఆ మాట బరువు తెలుస్తుంది. పెద్ద డాక్టరు పొద్దున్న ఒకసారి మెరుపులా వచ్చిపోతాడు. మిగతా రోజంతా మెడలో స్టెతస్కోపు వేసుకుని, ఎవరు కేకేస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తే పిల్లడాక్టరే డ్యూటీ డాక్టరు. ఆ అమ్మాయి పేరు ఎవరికీ గుర్తుండదు. “అది కాదత్తయ్యా” అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎవరు కేకేస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తి, పేరు లేకుండా అన్నీ చూసుకోవడం ఎందుకు చిన్నతనమో నాకే అర్థం కాలేదు. ఆ లెక్కన నేను ఈ ఇంటికి పదహారేళ్ళుగా డ్యూటీ డాక్టర్ని.

ఉద్యోగం మాత్రం అంత సులువుగా లేదు. ఫెలోషిప్‌కి పోనివాళ్ళు ఎండాకాలం చివర్లోనే వెతుక్కుని, దీపావళి నాటికి సంతకాలు పెట్టేసుకుంటారట. డాలస్ చుట్టుపక్కల ఆసుపత్రులన్నీ నిండిపోయాయి. త్రివేణి ఫోన్లన్నీ మా ప్యాంట్రీలోంచి చేసేది, వాళ్ళింట్లో ధృవ్ మాట్లాడనివ్వడని. వాడికి నాలుగేళ్ళు. కందిపప్పు డబ్బాలకీ బియ్యం బస్తాకీ మధ్య నిలబడి, గొంతులో ఎక్కడా జాలి రానివ్వకుండా, “నాకు మ్యాచ్ కాలేదండీ, అందుకే ఆలస్యమైంది” అని ఇంగ్లీషులో మొదటి వాక్యంలోనే చెప్పేసేది. తలుపవతల కూరలు తరుగుతూ నేను వినేదాన్ని. మా వాళ్ళలో ఒక్కరు కూడా ఓటమిని అంత తిన్నగా చెప్పడం నేను వినలేదు. మా ఆయన ఉద్యోగం పోయినప్పుడు నాలుగు నెలలు దాన్ని ‘ట్రాన్సిషన్’ అన్నారు. అవతలివాళ్ళు అయ్యో అనేవారు. సెప్టెంబరులో వచ్చి ఉంటే బాగుండేదనేవారు. ఒకాయన మాత్రం, పిల్లాడున్నాడు కదా, రాత్రిడ్యూటీలు చెయ్యగలవా అని అడిగాడు. “నా కో-రెసిడెంట్‌కి ఇద్దరున్నారండీ, అతన్ని కూడా అడిగారా?” అంది, చాలా మెత్తగా. ఆ ఉద్యోగం రాలేదు. నేను ఆ పూట బెండకాయలు కావలసినదానికంటే సన్నగా తరిగాను.

ఫిబ్రవరిలో అత్తగారికి కాళ్ళు వాచాయి. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయన్నారు. వాకింగ్ స్నేహితులు గుండే అన్నారు. మా ఆయన గుండే అన్నారు. తెలిసినాయన ఒకరు ఫోన్లోనే స్కానింగ్ చేయించమన్నారు. వినీత్ తల పట్టుకుని, “ఇంట్లో కార్డియాలజిస్టు ఉండాల్సింది” అన్నాడు, పక్కన డాక్టరు కూర్చుని ఉండగానే. త్రివేణి అప్పుడే పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చింది. కిందకి జారి అత్తగారి పాదాల దగ్గర కూర్చుంది. చీలమండమీద వేలితో నొక్కింది, గుంట పడింది. ఏ మందులు వాడుతున్నారని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న అప్పటికే అందరూ అడిగారు, అత్తగారు ఇక్కడి డాక్టరిచ్చిన మాత్ర తప్ప ఏమీ లేవనే చెప్పారు. “పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పండత్తయ్యా” అంది. అత్తగారు సంబరంగా మొదలుపెట్టారు. అంత తీరిగ్గా ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగరు మరి. పళ్ళు తోముకోవడం, వేడినీళ్ళు, దీపం, కాఫీ, కాఫీ తర్వాత ఇక్కడి డాక్టరిచ్చిన మాత్ర.

“దీపానికి ముందు?”

అత్తగారు మా ఆయన వంక చూశారు. మా ఆయన పైన ఫ్యాను వంక చూశారు.

సంగతేమిటంటే, ఆవిడకి బీపీ ఎనిమిదేళ్ళుగా ఉంది. వచ్చేప్పుడు ఆరు నెలల మాత్రలు వక్కపొడి డబ్బాలో తెచ్చుకున్నారు. నవంబరులో తలనొప్పని క్లినిక్‌కి తీసుకెళ్ళినప్పుడు మా ఆయన దారిలో పాఠం చెప్పారు. అమ్మా, విజిటర్ ఇన్సూరెన్సు వాళ్ళు పాత జబ్బంటే పైసా ఇవ్వరు, ఏ మందూ వాడట్లేదని చెప్పు అని. ఆవిడ అలాగే చెప్పారు. బీపీ ఎక్కువుందని ఆ డాక్టరు మాత్ర రాశాడు. అది, వక్కపొడి డబ్బాలో ఉన్నదీ ఒకటే మందు, పేరే వేరు. అప్పటినుంచి ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. అక్కడి డాక్టరిచ్చింది అక్కడి బీపీకి, ఇక్కడి డాక్టరిచ్చింది ఇక్కడి బీపీకి అనుకున్నారట.

త్రివేణి ఒకటి మాన్పించి, క్లినిక్‌కి తనే వెంటబెట్టుకెళ్ళి నిజం చెప్పించింది. మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. వారం పది రోజుల్లో వాపు తీసింది. వాకింగ్‌లో అత్తగారు అది బూడిదగుమ్మడికాయ రసం వల్ల తగ్గిందని చెప్పారు. ఇంట్లో మాత్రం నాతో, “ఇది కనుక్కోడానికి అంత చదువెందుకే, కూర్చుని అడిగితే నువ్వైనా కనుక్కుందువు” అన్నారు. నిజమే. కానీ కూర్చుని అడిగింది ఎవరు? నేను ఆ సాయంత్రం ఆమె చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. ముసలావిడ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, తన ఆకలి సంగతి మర్చిపోయి, దీపం దాకా వెళ్ళి, దీపానికి వెనక్కి వెళ్ళిన ఆ ఓపికని ఏ ఆసుపత్రి కంప్యూటరు వరసలో ఎక్కడ రాసుకుంటుంది?

మార్చి చివర్లో ఒకచోట నుంచి రమ్మన్నారు. కాపెల్ నుంచి మూడున్నర గంటల దారి, విచిటా ఫాల్స్ దాటి ఇంకా పడమరకి వెళ్ళాలి. చిన్న ఊరు, చిన్న ఆసుపత్రి. వినీత్‌కి ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. త్రివేణి ముందురోజంతా డ్యూటీలో ఉంది, నిద్ర లేదు. అందుకని నేను డ్రైవ్ చేశాను. దారంతా గాలిమరలు, దున్నిన ఎర్రనేల, తలలాడించే చమురు యంత్రాలు. త్రివేణి నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఊళ్ళోకి వచ్చాక లేచి, అద్దంలో జుట్టు సర్దుకుని, రెండు ఇడ్లీలు తిని లోపలికి వెళ్ళింది.

నేను లాబీలో కూర్చున్నాను. కౌబాయ్ టోపీ ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన ఒకాయన తన భార్య మోకాళ్ళ చరిత్ర మొత్తం నాకు చెప్పాడు. చాలాసేపటికి అక్కడి పెద్ద డాక్టరు, నెరిసిన జుట్టావిడ, త్రివేణిని బయటిదాకా దిగబెట్టడానికి వచ్చింది. మీరు ఈమె తల్లా అని నన్ను అడిగింది. నేను త్రివేణి కంటే ఏడేళ్ళే పెద్ద. అక్కనన్నాను. మీ చెల్లెలు కొంచెం ఆలస్యంగా దొరికింది, మాకే మంచిదైంది అంది ఆవిడ. ఏడేళ్ళ సంగతి క్షమించేశాను.

తిరుగుదారిలో త్రివేణి తనే చెప్పింది. ఆవిడ సూటిగా అడిగిందట, మ్యాచ్ కాలేదు కాబట్టి వస్తున్నావు, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించి వెళ్ళిపోతావా అని.

“ఏం చెప్పావు?”

“నిజమే చెప్పానక్కా. ఏడ్చాను కానీ, గుండె కోసం కాదని. ఓడిపోయానని ఏడ్చాను. గుండె అంటే వినీత్‌కి ఇష్టం, అత్తయ్యకి ఇష్టం. నాకు మనిషి మొత్తం కావాలి. ఒక్క అవయవం చేతిలో పెట్టి పొమ్మంటే నాకు తోచదు.”

నేను నవ్వితే కారు పక్క లైనులోకి ఒరిగింది. నవ్వు తగ్గాక ఆమె గొంతు మారింది. అక్కడ వారం రోజులు వరసగా పని, తర్వాత వారం పూర్తిగా సెలవు. ఆ పనివారం అక్కడే ఉండాలి, ఉండటానికి గది వాళ్ళే ఇస్తారు.

“ధృవ్ సంగతి నిన్ను అడగనక్కా. మూడేళ్ళుగా రోజూ వాణ్ణి డేకేర్ నుంచి తెచ్చి, తినిపించి, స్నానం చేయించి ఇస్తున్నావు. ఎవరూ నిన్ను అడగలేదు, నేనూ అడగలేదు. చేస్తావని తెలుసు. ఈసారి నువ్వు చేస్తానన్నా వద్దు. వాడికి నాన్నున్నాడు.”

ఉద్యోగం ఇస్తున్నామని వాళ్ళు గురువారం చెప్పారు. సోమవారంలోగా సంతకం పెట్టకపోతే ఇంకొకరికి ఇస్తారు. ఆదివారం మా ఇంట్లో అందరూ భోజనానికి కూర్చుని త్రివేణి భవిష్యత్తు నిర్ణయించారు, త్రివేణి డ్యూటీలో ఉండగా. వినీత్ స్నేహితుడొకరు డాలస్‌లోనే గుండెజబ్బుల ల్యాబులో రీసెర్చి అవకాశం చెప్పాడట. ఏడాదిపాటు చేస్తే పేపర్లొస్తాయి, మళ్ళీ అప్లై చెయ్యొచ్చు. “జీతం ఉండదు, కానీ రెజ్యూమేకి చాలా మంచిది వదినా” అన్నాడు వినీత్. జీతం లేని పని రెజ్యూమేకి మంచిదని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసుంటే పదహారేళ్ళ నా రెజ్యూమేని ఈపాటికి లారీలో తిప్పాల్సి వచ్చేది.

“వారం వారం ఊరుకాని ఊళ్ళో ఒక్కతీ ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు అత్తగారు, అన్నంలో నెయ్యి వేసుకుంటూ. “మానేసి ఆ ల్యాబుకే వెళ్ళమను. రోజూ ఇంటికొస్తుంది. సాయంత్రాలు పిల్లాణ్ణి ఎలాగూ జయంతి చూస్తోంది.” జయంతి అంటే నేనే.

“పోనీ ఆ ఉద్యోగమే కావాలని పట్టుబడితే, ఆ వారం కూడా జయంతి చూస్తుంది. ఇంట్లో తనకేం పని?” అన్నారు మా ఆయన ఉదారంగా. నా సాంబారు నాకే వడ్డించినంత ఉదారంగా.

అప్పుడే త్రివేణి లోపలికి వచ్చింది, ఇంకా ఆసుపత్రి బట్టల్లోనే. ఆఖరి మాట విన్నట్టుంది. “అక్కని నేను అడగలేదు బావగారూ” అంది.

“అయితే నేను ఒప్పుకోను” అన్నాడు వినీత్. “వారం రోజులు ధృవ్‌ని ఒక్కణ్ణీ నేనెలా చూస్తాను? నాకు మీటింగులుంటాయి. ప్రాక్టికల్‌గా ఆలోచించు. వదిన చూస్తానంటే వెళ్ళు, లేకపోతే ల్యాబ్.”

త్రివేణి కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. ఈమెయిలు వచ్చిన రోజున కూడా ఆమె భుజాలు అలా జారడం నేను చూడలేదు. నేను సరే అంటే ఆమె ఆ ఉద్యోగం నా వీపుమీద చెయ్యాలి, అది ఆమెకి ఇష్టం లేదు. కాదంటే ల్యాబు. అందరూ నా వంక చూస్తున్నారు, సరే అంటానని. నేను సరే అనే మనిషినని వాళ్ళకి ఎంత నమ్మకమో, వడియాల గిన్నె కూడా అప్పుడే నా వైపు జరిపారు, ఖాళీ అయిందని. నాకు ఆ క్షణంలో ఒక సంగతి తట్టింది. ఈ రెండు దారులూ నా మీదుగానే పోతున్నాయి. ఉద్యోగమైనా, ల్యాబైనా, సాయంత్రం మూడింటికి కారు తాళాలు తీసేది నేనే. దారి నాదైనప్పుడు గేటు కూడా నాదే కావాలి కదా.

“నేను చూడను వినీత్” అన్నాను.

మా అమ్మాయి హంసిక, పదిహేనేళ్ళది, ఫోనులోంచి తలెత్తింది.

“ఆ వారమనే కాదు. త్రివేణి రెసిడెన్సీ అయిపోయాక, జులై నుంచి రోజువారీ కూడా చూడను. ధృవ్ ఎప్పుడైనా మా ఇంటికి రావచ్చు, పెద్దమ్మ ఇల్లది. డేకేర్ నుంచి తేవడం, స్నానం, అన్నం మాత్రం నావి కావు. ఇప్పుడు ప్రాక్టికల్‌గా ఆలోచించు. త్రివేణి ల్యాబుకెళ్తే రాత్రికిగాని రాదు, అంటే ప్రతి సాయంత్రమూ నువ్వే. ఉద్యోగానికెళ్తే ఒక వారం నువ్వు, ఒక వారం ఆమె పూర్తిగా ఇంట్లో. సాఫ్ట్‌వేర్ వాడివి, లెక్క నాకంటే బాగా వచ్చు.”

వినీత్ కళ్ళలో లెక్క నడవడం నాకు కనపడింది.

“బాబాయ్, జాబ్ బెటర్ డీల్” అంది హంసిక, తన అమెరికన్ తెలుగులో. “ల్యాబ్ అయితే నువ్వు ఎవ్రీ డే చెయ్యాలి. లైక్, ఫరెవర్.”

మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఏదో అనబోయారు. నేను ఖాళీ వడియాల గిన్నె ఆయన చేతికిచ్చాను, స్టవ్ పక్కన డబ్బాలో ఉన్నాయని చెప్పాను. ఆయన లేచి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో ఆయనకీ తెలియదనుకుంటాను.

“వారం విడిచి వారమే కదా” అన్నాడు వినీత్ చివరికి, నేలతో అన్నట్టు. “మీటింగులు మార్చుకుంటాలే.”

త్రివేణి థాంక్స్ చెప్పలేదు, అందుకు ఆమె మీద నాకు ఇంకొంచెం గౌరవం పెరిగింది. నేను ఇచ్చింది కానుక కాదని ఆమెకి తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చుంది, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి కంచం పక్కనే పెట్టుకుంది. కాగితం మొత్తం చదివింది, తొందర లేకుండా, అత్తగారి దినచర్య విన్నంత శ్రద్ధగా. సంతకం పెట్టింది. తర్వాత వినీత్‌ని అన్నం వడ్డించమంది. వడ్డించాడు. కూర ఏ గిన్నెలో ఉందో రెండు మూతలు తీసి వెతుక్కున్నాడు, అంతే.

అత్తగారు మాత్రం ఇంకా నన్నే చూస్తున్నారు. ఆవిడకి కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు.

“అయితే జయంతీ, మూడింటి నుంచి నువ్వేం చేస్తావే?” అని అడిగారు.

పదహారేళ్ళలో ఆ ఇంట్లో నన్నెవరూ అడగని ప్రశ్న అది. కూర్చుని అడిగారు కాబట్టి నేనూ కూర్చున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“తెలియదత్తయ్యా. తెలుసుకోవడానికే మానేస్తున్నాను.”